కత్తిరించే అంచులో ఒక శ్రీ

1986 ఫిబ్రవరిలో చైనా భాష నేర్పే పుస్తకం ఒకటి మా ప్రెస్సుకు వస్తోందన్న సంగతి మొదట నాకు చెప్పినవారు యూసుఫ్ భాయ్. అప్పటికి నేను అమీర్‌పేటలోని ఒక ఆఫ్‌సెట్ ప్రెస్సులో పేస్టప్ విభాగంలో ఏడేళ్ళుగా పనిచేస్తున్నాను. విభాగం అన్నది పెద్ద మాట. కిటికీ పక్కన ఏటవాలు బల్ల, జిగురు డబ్బా, బ్లేడు, స్టీలు స్కేలు, నేను. అంతే. యూసుఫ్ భాయ్ కెమెరా గదికి పెద్ద. మేము అంటించి ఇచ్చిన పేజీలను ఫొటో తీసి, ఆ ఫిల్ము నుంచి మిషను మీదికెక్కే ప్లేటు తయారుచేయడం ఆయన పని. ప్రెస్సులో ఆయన తర్వాతే ఎవరైనా.

"రత్నమక్కా, చీనా కితాబు వస్తుందంట. మీకు ఎల్తుర్ల, నాకు చీకట్ల, ఇద్దరికీ పండుగే" అన్నారు.

"చదవడం ఎవరికొచ్చు భాయ్?" అన్నాను.

"ఛాపేటోనికి చదువెందుకక్కా? సీదా పడితే చాలు" అన్నారు.

ఆ మాటే మూడు నెలల తర్వాత ఇద్దరికీ మెడకు చుట్టుకుంటుందని అప్పుడు తెలియదు.

నేను బడికి వెళ్ళిన దాన్ని కాను. మా నాయనమ్మ ఇత్తడి పళ్ళెంలో బియ్యం పోసి, నా వేలు పట్టుకుని అక్షరాలు దిద్దించింది. తర్వాత ఇంట్లో ఉన్న పుస్తకాలే బడి. పెళ్ళయి హైదరాబాదు వచ్చాక, చదువు కాగితాలు లేని నాకు పని ఇచ్చినవారు మా ప్రొప్రయిటరు చలపతిరావుగారు. ఒక పేజీ ప్రూఫు చేతికిచ్చి, తప్పులు పట్టమన్నారు. పట్టాక, రేపటి నుంచి రమ్మన్నారు. ఆ ఉపకారం నేను మరువను. రోజూ పొద్దున రామనామం ఒక పేజీ రాసుకుని పనికి బయలుదేరేదాన్ని. చేతికి ఆ అలవాటు ఉండటం కూడా ఈ కథలో కొంచెం పనికొచ్చింది కాబట్టి చెబుతున్నాను.

పుస్తకం రాసినవారు ఇద్దరు. పంజాగుట్టలో పళ్ళ డాక్టరుగా పేరున్న చెన్‌గారు, ఆయన కోడలు సుశీల. చెన్‌గారిది చైనా కుటుంబం. కలకత్తాలో పుట్టి, చిన్న వయసులోనే హైదరాబాదు వచ్చి స్థిరపడ్డారు. వీధిలో అందరికీ చీనా డాక్టర్‌సాబ్. సుశీల తెనాలి వైపు అమ్మాయి, శ్రీనగర్ కాలనీలో ఒక బడిలో టీచరు. ఆమె కూతురు మల్లికకు పదేళ్ళు. ఇంట్లో తెలుగే మాట్లాడేది. తాతగారి భాషలో నాలుగు మాటలు వచ్చుగానీ అక్షరం ఒక్కటీ రాదు.

చలపతిరావుగారి గదిలో సుశీల మాతో చెప్పిన కారణం ఇది. "మా మామగారికి నీటికాసుల జబ్బండీ. చూపు తగ్గిపోతోంది, తిరిగి రాదన్నారు. పోయిన చలికాలమంతా పొద్దున్నే ఎండలో కూర్చుని కుంచెతో ఈ అక్షరాలు రాశారు. ఇక మళ్ళీ రాయలేరు. మల్లిక ఆయన దగ్గర దిద్దుకోవాలంటే ఆయనకి కనపడదు. అందుకని పుస్తకం కావాలి."

"బజారులో దొరకవా అమ్మా?" అని చలపతిరావుగారు అడిగారు.

"దొరికినవి ఇంగ్లీషులో ఉన్నాయండీ. అందులో చిన్నాన్నా అంకులే, మేనమామా అంకులే. వాళ్ళ భాషలో మనలాగే ఎవరికి వాళ్ళకి వేరే పిలుపు. అది తెలుగులో చెబితేనే మా పిల్లకి ఎక్కుతుంది. మా పిల్లకే కాదు, నేర్చుకుందామనుకున్న ఎవరికైనా."

నలభై ఎనిమిది పేజీల పుస్తకం. ఒక పెద్ద కాగితానికి రెండు వైపులా కలిపి పదహారు పేజీలు అచ్చవుతాయి. దాన్ని మేము ఒక ఫారం అంటాం. అలా మూడు ఫారాలు. మొదటిదాంట్లో అంకెలు, సూర్యుడు, చంద్రుడు, కొండ, నీళ్ళు. రెండోదాంట్లో పలకరింపులు, బంధువుల వరసలు. మూడోదాంట్లో ఆచారాలు: కొత్త సంవత్సరానికి గుమ్మానికి ఎర్ర కాగితాలు అంటించడం, పెద్దలకు టీ రెండు చేతులతో అందించడం, పితృదేవతల పేర్లు రాసిన చెక్క ముందు అగరువత్తులు వెలిగించడం.

చెన్‌గారు ఒక షరతు పెట్టారు. పేజీలు అంటించే మనిషి కనీసం పది అక్షరాలు రాయడం నేర్చుకోవాలి. అందుకని నేను పదిరోజులు, పనికి ముందు, అమీర్‌పేట నుంచి పంజాగుట్టకు నడిచి వెళ్ళాను. ముందు గదిలో ఆయన కొడుకు రోగుల పళ్ళు చూస్తుంటే, వెనక వరండాలో ఈయన పేము కుర్చీలో కూర్చుని, నా చేత తన అరచేతిలో వేలితో రాయించుకునేవారు. కన్ను చూడలేనిదాన్ని చర్మం చూస్తుందని ఆయన నమ్మకం. పైనుంచి కిందికి, ఎడమనుంచి కుడికి. చుట్టూ గోడ ఉన్న అక్షరమైతే లోపలివన్నీ రాశాకే కింది గీత.

నేను తొందరపడి ముందే గీసేస్తే చెయ్యి వెనక్కి లాక్కునేవారు. "ఏందమ్మా, మనుషులు లోపలికి రాకముందే తలుపేస్తవా? పాపం బయటనే నిలబడ్డరు!"

నాకు అన్నిటికంటే నచ్చినది "మంచి" అనే అక్షరం. ఎడమన స్త్రీ, కుడిన బిడ్డ. తల్లి పక్కన బిడ్డ ఉంటే మంచి. దాన్ని నేను రామనామం పేజీ చివర రోజూ ఒకసారి రాసుకునేదాన్ని. భగవంతుడు కోప్పడడనే అనుకున్నాను.

ఇక పని తీరు చెప్పాలి. తెలుగు మాటలు అచ్చు తీసిన కాగితం ముక్కలను అట్ట మీద అంటించి, చైనా అక్షరాలు రావలసిన చోట ఖాళీ వదిలేదాన్ని. యూసుఫ్ భాయ్ ఆ అట్టను వేరుగా, చెన్‌గారి కుంచె అక్షరాలను మూడోవంతుకు తగ్గించి వేరుగా ఫొటో తీసేవారు. తర్వాత అక్షరాల ఫిల్మును బ్లేడుతో ముక్కలు కోసి, కింద లైటు ఉన్న గాజుబల్ల మీద, ఖాళీల్లో ఒక్కొక్కటే టేపుతో అతికించేవారు. ప్రతి అక్షరానికీ ఒక నంబరు. ఆ నంబరు చూసి ఏది ఎక్కడో తెలుసుకునేవాళ్ళం.

ఫిల్ముకు ఒకవైపు మందు పూసి ఉంటుంది, అది మసకగా ఉంటుంది. రెండోవైపు నున్నగా మెరుస్తుంది. మందు వైపు ప్లేటుకు తగలాలి. తిరగేస్తే అక్షరం అద్దంలో బొమ్మలాగా ఎడమ కుడి మారి పడుతుంది. తెలుగైతే ఎవరికైనా వెంటనే తెలిసిపోతుంది. చిన్న ముక్కల్లో ఏ వైపు ఏదో కంటికి ఆనదు. అందుకని మా వాళ్ళకు ఒక పద్ధతి ఉండేది. ముక్క అంచు తడి పెదవికి తగిలించేవారు. అంటుకుంటే మందు వైపు, జారితే రెండోవైపు. యూసుఫ్ భాయ్ ఇరవై ఏళ్ళుగా పెదవితోనే ఫిల్ములు చూసిన మనిషి.

మొదటి ఫారం ఏప్రిల్‌లో అచ్చయింది, చక్కగా వచ్చింది. రెండోది మే నెలలో, రంజాన్ ఉపవాసాల్లో. ఆ ఎండల్లో నీళ్ళు కూడా ముట్టకుండా ఆయన చీకటి గదిలో పనిచేశారు. ప్లేటు ఎక్కేముందు అమోనియా కాగితం మీద నీలి ప్రూఫు ఒకటి తీస్తారు. దాన్ని సరిచూసి సంతకం పెట్టడం నా బాధ్యత. నేను నంబర్లు చూశాను, లెక్క సరిపోయింది, సంతకం పెట్టాను. వెయ్యి కాగితాలు అచ్చయ్యాయి. బడి సెలవుల్లో మల్లిక మొదలుపెట్టుకుంటుందని సుశీల వచ్చి ఒక కాగితం ముందే తీసుకుపోయింది.

వారం తర్వాత ఒక ఉదయం, పేజీల వరస చూడటానికి ఆ ఫారం ఒకటి మడిచాను. "మంచి" కనపడింది. పాత అలవాటుగా దానిమీద వేలు పెట్టి దిద్దబోయాను. వేలు సాగలేదు. తల్లి ఉండవలసిన చోట బిడ్డ ఉంది. బిడ్డ ఎడమన, తల్లి కుడిన. పక్క పేజీలో "అక్క" చూశాను, "పెదనాన్న" చూశాను. స్త్రీ గుర్తు, మనిషి గుర్తు ఎడమన ఉండాలని చెన్‌గారు చెప్పినవన్నీ కుడికి వచ్చి కూర్చున్నాయి. చెన్‌గారి అసలు కాగితాలు తీసి పక్కన పెట్టుకున్నాను. అనుమానం లేదు. రెండో ఫారంలో చైనా అక్షరాలన్నీ తిరగబడ్డాయి.

యూసుఫ్ భాయ్‌ను పిలిచాను. ఆయన లైటు బల్ల మీద ఫిల్ము పరిచి, వంగి చాలాసేపు చూశారు.

"అక్కా, గీ అక్షరాలన్నీ ఒకటే పెద్ద ఫిల్ములకెంచి కోసిన. ఆ ఫిల్మే ఉల్టా పరిచిన. పెదవికి తగిలిస్తే అప్పుడే తెలుస్తుండె. ఉపవాసం గద, రోజాల మందు నోటికి తగలొద్దని కంటితోటే చూసిన."

"నీలి ప్రూఫు మీద సంతకం నాది భాయ్. లెక్క చూశాను గానీ రూపం చూడలేదు."

ఇద్దరం కలిసి చలపతిరావుగారి దగ్గరికి వెళ్ళాం. ఆయన చెడ్డవారు కారు. తలమీద కాగితం కరువు, చేతిలో పెళ్ళి కార్డుల తొందర ఉన్న మనిషి. కాగితాన్ని అటు తిప్పి ఇటు తిప్పి చూశారు.

"ఏంటండీ తేడా? నాకు రెండూ ఒక్కలాగే ఉన్నాయి. డాక్టరుగారికా, కనపడదు. కోడలికా, చదవడం రాదు. హైదరాబాదు మొత్తం వెతికినా ఇది చదివేవాళ్ళు నా వేళ్ళకి సరిపోరు. ఎవరికి తెలుస్తుందండీ రత్నంగారూ?"

నేను ఆయన ముందు గొంతెత్తిన దాన్ని కాను. ఆ రోజు మాత్రం మాట దానంతట అదే వచ్చింది. "చదవడం రాని వాళ్ళకోసమే కదండీ ఈ పుస్తకం."

ఆయన కాగితం బల్లమీద పెట్టేశారు. తర్వాత, "పోనీ ఆయన్నే అడగండి. ఫరవాలేదంటే బైండింగుకి పంపిద్దాం" అన్నారు. యూసుఫ్ భాయ్ చెప్పుల కోసం కదలడం చూసి, "మీరెక్కడికయ్యా ఈ ఎండలో, ఉపవాసంతో? ఆవిడ చెబుతుంది" అన్నారు.

"నా చెయ్యి చేసింది సేట్. నా నోరే చెప్పాలె."

పంజాగుట్ట దాకా నడిచాం. వరండాలో చెన్‌గారు పేము కుర్చీలో ఉన్నారు. అడుగుల చప్పుడు విని, "ఎవరు? రత్నమ్మ అడుగులు తెలుసు. రెండో మనిషి ఎవరు, పన్ను నొప్పా?" అన్నారు.

"పన్ను కాదు డాక్టర్‌సాబ్, తప్పు" అని యూసుఫ్ భాయ్ నిలబడే ఉన్నదున్నట్టు చెప్పారు. పెదవి సంగతి, రోజా సంగతి కూడా చెప్పారు గానీ సాకుగా చెప్పలేదు. చెన్‌గారు ముందు, "రోజాల ఉన్నవు, ఫ్యాను కింద కూసో" అన్నారు. ఆయన కూర్చోలేదు.

ఇంతలో మల్లిక లోపలినుంచి నోటుబుక్కు పట్టుకుని పరుగెత్తుకొచ్చింది. "ఆంటీ, చూడండి! అక్క, చెల్లి, బాబాయి, మామయ్య, అన్నీ వచ్చేసినయ్. నాలుగు పేజీలు నింపిన!"

చూశాను. ఎంతో శ్రద్ధగా, గడి దాటకుండా రాసింది. ప్రతి అక్షరమూ తిరగబడి ఉంది. ఆ క్షణం నాకు భూమిలోకి పోవాలనిపించింది. వారం రోజులుగా తాతకు చూపిస్తే, ఆయన కాగితం మీద చెయ్యి వేసి, ఎన్ని వరసలు రాసిందో అడిగి, శభాష్ అంటూ వచ్చారట.

చెన్‌గారు అరచెయ్యి చాపారు. "'మంచి' రాయి బిడ్డా."

పిల్ల రాసింది. ఆయన ముఖంలో నవ్వు ఆగిపోయింది. "మళ్ళ రాయి" అన్నారు. మళ్ళీ అలాగే రాసింది.

"వారం సంది గిట్లనే రాస్తున్నవా?"

"పుస్తకంల గట్లనే ఉంది కద తాతా" అంది మల్లిక. సుశీల గుమ్మంలో నిలబడి ఉంది.

చెన్‌గారు మా ఇద్దరివైపూ ముఖం తిప్పి చెప్పిన సంగతి ఇది. అరవై రెండులో చైనాతో యుద్ధం వచ్చినప్పుడు, ఇంట్లో ఉన్న పుస్తకాలు చూసి ఎవరేమంటారోనన్న భయంతో, ఆయనా భార్యా కలిసి అన్నీ పొయ్యిలో పెట్టేశారు. చిన్నప్పుడు తండ్రి దిద్దించిన పుస్తకం కూడా. పోయిన చలికాలం రాసిన అక్షరాలన్నీ జ్ఞాపకంనుంచి రాసినవే.

"అప్పుడు లేకుంట చేసినం. లేదని తెలుసు గనక వెతుకుతం. ఇప్పుడు తప్పుది ఇస్తే, ఉందనుకుంటరు. ఇంక ఎవ్వరూ వెతకరు" అన్నారు. కోపంగా కాదు, ఏ పన్ను తీయాలో చెప్పినట్టు చెప్పారు.

మల్లిక కళ్ళు తుడుచుకోవడం ఆయనకు ఎలా తెలిసిందో తెలియదు. "ఏడుస్తవెందుకు? మీ నాయిన బల్ల మీద నా చిన్న అద్దం ఉంటది, పో, తే" అన్నారు. నోట్లో పెట్టి పళ్ళు చూసే అద్దం. రూపాయి బిళ్ళంత, పొడుగు కాడతో ఉంటుంది. దాన్ని నోటుబుక్కు పక్కన పట్టి చూడమన్నారు. చూసింది. అద్దంలో తల్లి ఎడమకు, బిడ్డ కుడికి వచ్చేశారు.

"సీదా అయింది!" అని అరిచింది.

"నలభై ఏండ్లు మంది పళ్ళు అద్దంలనే చూసిన. ఉల్టా నాకు కొత్త కాదు" అని యూసుఫ్ భాయ్ వైపు చెయ్యి చాపారు. "నువ్వు రాకపోతే నాకు తెలియకపోవు. వచ్చినవు. ఆలస్యమైతే ఫికర్ లేదు, సీదా చేసి ఇయ్యి." అప్పుడు యూసుఫ్ భాయ్ ఫ్యాను కింద కూర్చున్నారు.

తిరిగి వచ్చేటప్పుడు నేను సుశీలను అడిగి ఆ నోటుబుక్కు, ఆమె ముందే తీసుకుపోయిన తప్పు కాగితం తీసుకొచ్చాను. చలపతిరావుగారి బల్లమీద నోటుబుక్కు, దాని పక్కనే చెన్‌గారి అసలు కాగితం పెట్టాను. ఆయన నాలుగు పేజీలూ తిప్పారు. "పాప రాసిందా?" అన్నారు. అవునన్నాను. కళ్ళద్దాలు తీసి తుడుచుకుని, "క్యాలెండర్లకి పక్కన పెట్టిన కాగితం వాడండి. కొత్త ప్లేటు పెట్టించండి" అన్నారు. ఆ మాటకు ఈనాటికీ ఆయనకు దణ్ణం పెట్టుకుంటాను. తిరగబడ్డ వెయ్యి కాగితాలనూ ఆయనే దగ్గరుండి కోయించారు, ఒక్కటి కూడా బయటికి పోకుండా.

మూడో ఫారం మొదలుపెట్టేముందు యూసుఫ్ భాయ్ నా బల్ల దగ్గరికి వచ్చారు. "అక్కా, రేపు ఇంకో మనిషి ఈ పని చేస్తడు, ఇంకో భాష వస్తది. పెదవిని నమ్ముకుంటే కాదు. ఫొటో తీసేముందే అసలు కాగితం మీద, అంచుల, మనకు చదవొచ్చే అక్షరం ఒకటి రాయండి. ఫిల్ము ఎంత చిన్నగ కోసినా ప్రతి ముక్కకు అది ఉండాలె. అది సీదా కనబడితే పక్కది సీదా ఉన్నట్టే."

"ఏ అక్షరం రాయమంటారు?" అన్నాను.

"మీరు కాగితం మీద మొదలు ఏం రాస్తరో అదే రాయండి."

నేను మొదట రాసేది శ్రీ. ఆ మాటే చెప్పి, ఆయనకు అభ్యంతరమేమోనని ఆగాను. "పెట్టండక్కా. దాన్ని తిప్పితే గుడ్డోనికి సుత తెలుస్తది" అని నవ్వారు.

అప్పటినుంచి ప్రతి చైనా అక్షరం పక్కన పెసరగింజంత శ్రీ రాశాను. యూసుఫ్ భాయ్ ముక్క అతికించి, శ్రీ సరిగ్గా ఉందో లేదో చూసి, ఆ తర్వాతే అది అచ్చులో పడకుండా దానిమీద నల్ల టేపు వేసేవారు. ప్రతి పేజీ అంచులో మాత్రం ఒక శ్రీ ఉంచేసేవాళ్ళం. అది నీలి ప్రూఫులోకీ అచ్చులోకీ వచ్చి, చివర బైండింగులో బ్లేడు కింద తెగిపోయేది.

పుస్తకం జూలైలో పూర్తయింది. చలపతిరావుగారు, యూసుఫ్ భాయ్, నేను ముగ్గురం తీసుకెళ్ళి ఇచ్చాం. చెన్‌గారు దాన్ని రెండు చేతులతో అందుకుని, పేజీలు వాసన చూసి, మల్లిక చేతికిచ్చారు. పిల్ల పుస్తకం తెరిచి, చూస్తూ, ఆయన అరచేతిలో ఒక్కొక్కటే రాసింది. తిరగబడినవి మరిచిపోవడానికి దానికి నెల పట్టిందని సుశీల చెప్పింది. గోడ ఉన్న ఒక అక్షరం రాసి, కింది గీత చివరన గీసినప్పుడు చెన్‌గారు, "ఆఁ, అందరూ లోపలికొచ్చిన్రు" అన్నారు.

ఆ తర్వాత మా ప్రెస్సులో అరబీ, తమిళం, గుజరాతీ ఏది వచ్చినా అంచున శ్రీ లేకుండా ఫిల్ము కెమెరా గది దాటలేదు. నా నలభై ఏళ్ళ ఉద్యోగంలో ఈ పని నేర్పినది రెండు విషయాలు. చదవలేని లిపిని చదవగలిగిన అక్షరం పక్కన పెట్టి సరిచూడాలి. లెక్క సరిపోయినంత మాత్రాన సంతకం పెట్టకూడదు. కంప్యూటర్లు వచ్చి కెమెరా గది మూతబడ్డాక కూడా, నేను పదవీ విరమణ చేసేదాకా ఈ రెండూ పాటించాను.

యూసుఫ్ భాయ్ పోయి చాలా ఏళ్ళయింది. పుస్తకాల్లో ముద్రాపకుల పేరు వేస్తారు గానీ ఫిల్ము అతికించిన వారి పేరు ఎక్కడా వేయరు. అందుకని పాఠకులకు ఒక మనవి. మీకు రాని భాష పుస్తకం ఎప్పుడైనా చేతిలోకి వచ్చి, అందులో అక్షరాలు సరిగ్గా నిలబడి ఉన్నాయని మీరు నమ్మితే, ఎండలో పంజాగుట్ట దాకా నడిచి తన తప్పు తానే చెప్పుకున్న యూసుఫ్ భాయ్‌ని ఒక్కసారి తలుచుకోండి.